ఓడెక్కే మేనల్లుడికి ఐదు ఆల్బమ్‌లు: ఏవి పెట్టాలి, ఏవి వదలాలి?

మా అక్క కొడుకు మర్చంట్ నేవీలో ఇంజిన్ క్యాడెట్‌గా మొదటిసారి ఓడెక్కుతున్నాడు. కాకినాడలో పుట్టి, సముద్రం చూస్తూ పెరిగినవాడే అయినా ఎనిమిది నెలలు దాని మీదే ఉండాలంటే వాడికీ కొంచెం టెన్షన్‌గానే ఉంది. వెళ్ళేముందు హైదరాబాద్ వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. "మావయ్యా, నీ దగ్గర పాటలు బోలెడున్నాయి కదా, నాకు ఐదు ఆల్బమ్‌లు ఎక్కించి ఇవ్వు" అన్నాడు. ఐదేమిట్రా, 128 జీబీ కార్డు కొనిస్తాను, మొత్తం పట్టుకెళ్ళు అన్నాను.

"వద్దు మావయ్యా. హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు నువ్విచ్చిన నాలుగు వేల పాటల్లో నేను పూర్తిగా విన్నవి పాతిక ఉండవు. ఏది విందామా అని వెతుక్కుంటూనే నిద్రపోయేవాణ్ణి."

వాడన్నది నాకూ వర్తిస్తుందని అప్పుడు తట్టింది. నా హార్డ్ డిస్కులో ఉన్నవాటిలో ఏడాదికి ఒక్కసారైనా వినేవి ఎన్ని? లెక్కపెట్టడానికి సిగ్గేసింది. సరే, ఐదే అనుకుని కూర్చుంటే రెండు రాత్రులు పట్టింది. ఒకటి పెడితే ఇంకోటి అలిగినట్టుండేది. మీలో కూడా ఎవరైనా ఇలాంటి ఎంపికలో ఇరుక్కుని ఉంటే (అమెరికా వెళ్ళే కొడుకు కోసమో, కారు పెన్ డ్రైవ్ కోసమో, రేడియో తప్ప ఏదీ వాడని నాన్న కోసమో) నేను పడ్డ గింజులాట కొంత పనికొస్తుందని రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది తెలుగు సినిమా పాటలే కాబట్టి వాటి దగ్గరే ఉంటాను.

ముందు కొలతలు

అవార్డుల్ని మాత్రం కొలతగా పెట్టుకోకండి. పెట్టుకుంటే పని చిటికెలో అయిపోతుంది: శంకరాభరణం, సాగర సంగమం, రుద్రవీణ మూడింటికీ సంగీతానికీ, బాలసుబ్రహ్మణ్యం పాటకీ జాతీయ అవార్డులు వచ్చాయి, ఆ మూడూ పెట్టేసి లేచిపోవచ్చు. కానీ గొప్పదని ఒప్పుకోవడం వేరు, అది లేకపోతే తోచకపోవడం వేరు. గొప్పవాటికి మనం దండం పెడతాం, తోచనివాటిని మాత్రం చెప్పులేసుకుని మరీ వెతుక్కుంటూ వెళ్తాం.

నా మొదటి కొలత, దాటేసే పాటలు ఎన్ని ఉన్నాయన్నది. రెండు పాటలు అద్భుతంగా ఉండి మిగతావి నింపుడు సరుకైతే ఆ రెండూ దాచుకుంటే చాలు, ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు. క్యాసెట్ రోజుల్లో ఈ బాధ లేదు, ఎందుకంటే మాటిమాటికీ ఫార్వర్డ్ నొక్కితే టేపు చుట్టుకుపోతుందని మా నాన్న అరిచేవారు. దాంతో నచ్చని పాటని కూడా వినేవాళ్ళం, వినగా వినగా ఒక వేసవి అయ్యేసరికి అదే నోట్లో ఆడేది. ఇప్పుడు వేలు ఆడిస్తే పాట పోతుంది కాబట్టి ఆల్బమ్ తన బలం మీద తను నిలబడాలి.

రెండోది, వేళ. ఓడ మీద వాచ్ పద్ధతి ప్రకారం నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంజిన్ రూములో చెమటోడ్చి, స్నానం చేసి, తెల్లారగట్ల మంచమెక్కే మనిషికి ఎలాంటి పాట కావాలి? ఊళ్ళో మనకీ ఇదే ప్రశ్న, గంటలే వేరు.

మూడోది, నూరోసారి విన్నప్పుడు కొత్తగా ఏమైనా దొరుకుతుందా అని. కొన్ని పాటల్లో మాట దొరుకుతుంది, కొన్నింటిలో ఎక్కడో వెనకాల వయొలిన్ల గుంపు చేసే అల్లరి దొరుకుతుంది. కొన్నింటిలో ఏమీ దొరకదు, అయినా బాగుంటాయి, కానీ అవి ఎనిమిది నెలలకి సరిపోవు.

వినే పరికరం గురించి కూడా ఆలోచించాలి. పాత రికార్డింగులు చిన్న స్పీకర్లో బాగుంటాయి, ఇళయరాజా పాటలకి మాత్రం చెవుల్లో పెట్టుకునేవి ఉండాల్సిందే, లేకపోతే సగం పాట కిందే ఉండిపోతుంది.

ఆఖరి కొలత నాది కాదు, మా ఆవిడది. "వాడు అక్కడ ఒంటరిగా ఉంటాడు, మీ అభిరుచి పేరుతో ఏడుపు పాటలన్నీ పెట్టి పంపకండి" అంది. ఈ ఒక్క మాటతో నా జాబితా సగం తారుమారైంది.

ఒక్క చూపులో

| ఆల్బమ్ | ఏడు | సంగీతం | పాటలు | బలం | ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| మిస్సమ్మ | 1955 | ఎస్. రాజేశ్వరరావు | పింగళి | ఏ వేళకైనా నప్పుతుంది | పాత మోనో శబ్దం |
| శంకరాభరణం | 1980 | కె.వి. మహదేవన్ | వేటూరి, వాగ్గేయకారులు | తరగని లోతు | కూర్చుని వినాలి |
| సాగర సంగమం | 1983 | ఇళయరాజా | వేటూరి | రాగం, వాద్యం రెండూ | పాట పాటకీ మూడ్ మారిపోతుంది |
| సిరివెన్నెల | 1986 | కె.వి. మహదేవన్ | సీతారామశాస్త్రి | వేణువు, మాట | నిఘంటువు కావాలి |
| రుద్రవీణ | 1988 | ఇళయరాజా | సీతారామశాస్త్రి | ధైర్యం చెబుతుంది | అప్పుడప్పుడు క్లాసు పీకుతుంది |
| గీతాంజలి | 1989 | ఇళయరాజా | వేటూరి | హెడ్‌ఫోన్లకి పండగ | గుండె బరువు |
| గోదావరి | 2006 | కె.ఎం. రాధాకృష్ణన్ | వేటూరి | ఊరు గుర్తొస్తుంది | ఊరు గుర్తొస్తుంది |

పట్టిక వేశాక చూసుకుంటే ఏడింటిలో నాలుగు వేటూరివే. అనుకుని చేసింది కాదు.

మిస్సమ్మ

నిజానికి ఇది వచ్చినప్పుడు ఆల్బమ్ అన్న మాటే మనకి లేదు. పాటలు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద వచ్చేవి, ఒక వైపు మూడు నిమిషాలు, ఇంకొంచెం పట్టేది, అంతే. ఆ ఇరుకులో కుదించాల్సి రావడం వల్లే కాబోలు, ఈ పాటల్లో ఖాళీగా పోయే క్షణం ఉండదు. పల్లవి అందుకుంటారు, చెప్పాల్సింది చెబుతారు, దిగిపోతారు.

మావాడికి మొదట వినిపించింది "రావోయి చందమామ". ప్రేమ పాట కదా అన్నాడు. కాదురా, సరిగ్గా విను అన్నాను. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తున్న ఇద్దరు ఒకరి మీద ఒకరు చందమామకి చేసుకుంటున్న ఫిర్యాదు అది! అంత వెన్నెల్లాంటి బాణీలో ఆ దెప్పిపొడుపులేమిటో, పింగళికే చెల్లింది. సావిత్రి "తెలుసుకొనవె చెల్లి" అని మగవాళ్ళతో ఎలా మెలగాలో పాఠం చెబితే, ఎన్టీఆర్ అదే బాణీలో "తెలుసుకొనవె యువతి" అని తిప్పికొట్టడం ఇంకో అల్లరి. ఎన్టీఆర్‌కి ఇందులో ఘంటసాల గొంతు లేదు, ఏ.ఎం. రాజా పాడారు. ఆ మెత్తని గొంతు వల్లే ఆ పాత్ర దెబ్బలాడుతున్నా మనకి కోపం రాదు. సావిత్రికి పి. లీల, జమునకి పి. సుశీల, రేలంగి పాటలు రేలంగే పాడుకున్నారు.

ఇందులో త్యాగరాజ కీర్తన ఉంది, మేరీ మాతకి ప్రార్థన ఉంది, బిచ్చగాడి పాట ఉంది, దాటేసే పాట మాత్రం నాకు దొరకలేదు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ వినొచ్చు, రాత్రి నిద్రపట్టక వినొచ్చు, పక్కవాడికి తెలుగు రాకపోయినా చిరాకు పడడు. ఇబ్బంది ఒక్కటే, ఇరవై ఏళ్ళ చెవికి మొదటి రెండు రోజులు ఇది పాత పెట్టెలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మూడో రోజు ఆ పెట్టె వాసనే ఇష్టమవుతుంది.

శంకరాభరణం, సాగర సంగమం: రెండింటిలో ఒకటే అంటే?

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. విశ్వనాథ్ సినిమాలే రెండూ, బాలు గొంతే రెండింటా, వేటూరి కలమే. రెండూ పెట్టుకుంటే ఇక వేరేవాటికి చోటుండదు.

శంకరాభరణంలో సగం పాటలు వేటూరివి, సగం పెద్దలవి: సదాశివ బ్రహ్మేంద్రుల "మానస సంచరరే", మైసూరు వాసుదేవాచార్ "బ్రోచేవారెవరురా", రామదాసు "ఏ తీరుగ నను", "పలుకే బంగారమాయెనా". అంటే ఇది కొనుక్కున్నవాడికి సినిమా పాటలతో పాటు చిన్న కచేరీ ఉచితంగా వస్తుంది. వాణీ జయరాం ఆ కీర్తనలు పాడిన తీరు ఎంత శుభ్రంగా ఉంటుందంటే, సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఇదొక్కటి ఉంటే చాలనిపిస్తుంది. "సామజవరగమన" త్యాగరాజు ఎత్తుగడతో మొదలై మెల్లగా ప్రేమికుల వైపు జారిపోతుంది చూడండి, అక్కడ నాకు ఎప్పుడు విన్నా నవ్వొస్తుంది. 2020లో అదే మాటతో ఇంకో పాట ఊరంతా మోగితే మావాడు అదే మొదటిదనుకున్నాడు. వాడి తప్పేం లేదు.

అయితే ఒకటి. శంకరాభరణం పని చేసుకుంటూ వినేది కాదు. "శంకరా నాదశరీరాపరా" వస్తుంటే చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాల్సిందే. అలా కూర్చుని వినే తీరిక, ఓపిక ఉన్నవాళ్ళకే ఇది.

సాగర సంగమం అంత గంభీరంగా ఉండదు. "తకిట తధిమి" తాగినవాడి తాత్వికత, "వే వేల గోపెమ్మలా" చిలిపితనం, "మౌనమేలనోయి" ఇద్దరూ చెప్పుకోలేని ఇష్టం, "ఓం నమశ్శివాయ" హిందోళ రాగం, "వేదం అణువణువున" హంసానంది రాగం. శంకరాభరణం ఒకే గుడిలో కూర్చోబెడితే ఇది ఊరంతా తిప్పుతుంది. త్యాగరాజు "ఏల నీ దయ రాదు" కీర్తనని పల్లవి నుంచి కాకుండా దాని తర్వాత వచ్చే అనుపల్లవి నుంచి, అంటే "బాలకనకమయ చేల" నుంచి ఎత్తుకోవడంలోనే ఆ ఆల్బమ్ స్వభావం తెలుస్తుంది: సంప్రదాయమే, కానీ పక్క గుమ్మంలోంచి లోపలికి. ఇబ్బందల్లా ఒక పాట నుంచి ఇంకో పాటకి మూడ్ ఎగిరిపోవడం. వరసగా వింటే "మౌనమేలనోయి" మత్తు దిగకముందే ఇంకేదో మొదలవుతుంది.

నా తీర్పు: సంగీతం తెలిసినవాళ్ళకీ, నేర్చుకుంటున్నవాళ్ళకీ శంకరాభరణం. మిగతా అందరికీ సాగర సంగమం. మా అక్కకి ఈ తీర్పు నచ్చలేదు, ఫోన్‌లో పది నిమిషాలు వాదించింది, "శంకరాభరణం లేకుండా జాబితా ఏమిట్రా" అని. నిజమే, దండం పెట్టే జాబితా అయితే అదే మొదటిది.

సిరివెన్నెల

తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని చివర్లో తీసేశాను, తీసేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. కథానాయకుడు చూపు లేని వేణు విద్వాంసుడు, వేణువు వాయించింది సాక్షాత్తూ హరిప్రసాద్ చౌరాసియా. మహదేవన్ పద్ధతి ముందు పాట రాయించుకుని తర్వాత బాణీ కట్టడం, అందుకే కొత్తగా వచ్చిన సీతారామశాస్త్రి మాట ఎక్కడా బాణీ కోసం నలగలేదు. "విధాత తలపున" వినిపిస్తే మావాడు "విరించి అంటే ఎవరు మావయ్యా?" అన్నాడు. బ్రహ్మ అని చెప్పాను. ఇంకో నాలుగు మాటలు అడిగాడు, రెండింటికి నేనే తడబడ్డాను. భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళకి ఇది వదలకూడని ఆల్బమ్. ఓడలో నిఘంటువు ఉండదు కదా అని వదిలేశాను.

రుద్రవీణ

సినిమా డబ్బు చేసుకోలేదు గానీ పాటలు మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా పనిచేస్తున్నాయి. "పనిచేస్తున్నాయి" అనే అంటాను, ఎందుకంటే వీటిని జనం వాడుకుంటారు. ఉద్యోగం పోయినవాడు "నమ్మకు నమ్మకు ఈ రేయిని" పెట్టుకుంటాడు, పోటీ పరీక్షలకి చదివే పిల్లలు "తరలిరాద తనే వసంతం" రింగ్‌టోన్ చేసుకుంటారు. కళ ఎవరికోసం, పక్కవాడి ఆకలి మాటేమిటి అని తండ్రినే నిలదీసే కొడుకు కథ ఇది. ఆ కోపం అంతా పాటల్లోకి దిగింది. సీతారామశాస్త్రి గారు సినిమాల్లోకి రాకముందు కాకినాడలో టెలిఫోన్ శాఖలో పనిచేశారని చెబితే మావాడికి ఒక్కసారిగా ఆసక్తి పెరిగింది. మన ఊరాయన అంటే లెక్కే వేరు.

బాలు పాడినవి ఒక వైపు, ఏసుదాసు పాడినవి ఒక వైపు ఉంటాయి ఇందులో. "లలిత ప్రియ కమలం" ఏసుదాసు, చిత్రలది, శ్రమ పడ్డ ఒంటికి నూనె రాసినట్టుంటుంది. ఇబ్బంది చెప్పాలంటే, "చుట్టూ పక్కల చూడరా" లాంటివి మంచి రోజున ఉత్సాహాన్నిస్తాయి, చిరాకు రోజున మాత్రం మేష్టారు బెంచీ ఎక్కించినట్టు అనిపిస్తాయి. అయినా మొదటి ఉద్యోగానికి వెళ్ళే కుర్రాడికి ఇంతకంటే సరైనది నాకు తోచలేదు. ఇది పెట్టాలా వద్దా అని నేను ఆలోచించలేదు కూడా.

గీతాంజలి

ఈ ఆల్బమ్ గురించి నేను నిష్పక్షపాతంగా రాయలేను. 1989లో నేను తొమ్మిదో తరగతి. మా వీధి చివర రికార్డింగ్ షాపు అతను ఖాళీ క్యాసెట్ మీద ఏ సైడు దీన్ని ఎక్కించి ఇచ్చాడు. ఆ క్యాసెట్ అరిగి, బాలు గొంతు సన్నగా వణకడం మొదలయ్యేదాకా విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత మంచి హెడ్‌ఫోన్లలో వింటే నేను అంతకాలం విన్నది సగమేనని అర్థమైంది. "ఓం నమః" లో తాళం కింద గుండె చప్పుడు ఉంటుంది. చావు దగ్గరపడిన ఇద్దరి పాటకి గుండె చప్పుడే తాళం! ఆ చిన్న టేప్ రికార్డర్లో అది మృదంగం ఏమో అనుకున్నాను.

ఏడు పాటలు. సినిమా మొదట్లో కుర్రకారు గెంతులేసే "జగడ జగడ జగడం" వింటే, చావుని లెక్కచేసేది లేదని వాళ్ళు వేసే కేకలు ఆ తర్వాతి కథ తెలిసినవాళ్ళకి ఒళ్ళు జలదరింపజేస్తాయి. "ఆమనీ పాడవే హాయిగా" వసంతాన్ని హాయిగా పాడమంటుంది, వినేవాడికి మాత్రం హాయి మిగలదు. "జల్లంత కవ్వింత" చిత్ర ఒక్కతే వానలో తడిసి ముద్దవుతూ పాడినట్టుంటుంది. "ఓ పాప లాలి" జోలపాట పేరు పెట్టుకుని పెద్దవాళ్ళని నిద్రపోనివ్వదు. దాటేసే పాట నాకైతే లేదు, మా ఆవిడ "నందికొండ" దాటేస్తుంది.

మరి ఏడుపు పాటలు పెట్టొద్దన్న మాట? అదే ఇక్కడ చిక్కు. ఇది దిగులు ఆల్బమే, కానీ వింటే దిగులు పెరగదు, ఎవరో పక్కన కూర్చున్నట్టుంటుంది, నా అనుభవం అది. అయినా అందరికీ అలాగే ఉండాలని లేదు. ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉన్నా, ఈ మధ్యే ఎవరైనా దూరమైనా ప్రస్తుతానికి దీన్ని పక్కన పెట్టండి, రెండేళ్ళ తర్వాత తీయండి. కొత్త ప్రేమలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, వాళ్ళు ఎలాగూ వినేస్తారు.

గోదావరి

మావాడి ఫిర్యాదు న్యాయమైనదే: "అన్నీ నేను పుట్టకముందువే." కొత్తవాటిలో ఒకటి రెండు పాటలు దాచుకున్నవి చాలా ఉన్నాయి గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒకే గాలి వీచే ఆల్బమ్ అంటే నాకు ఇదే తట్టింది (2006 కొత్తదేమిటని మీరు నవ్వొచ్చు, యాభై దాటినవాడికి అది నిన్ననే). పాటలన్నీ వేటూరివి, అప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్ళు. "ఉప్పొంగెలే గోదావరి" బాలు గొంతులో మొదలవగానే రాజమండ్రి రేవులో లాంచీ కదిలినట్టే ఉంటుంది. "రామచక్కని సీతకి", సునీత పాడిన "అందంగా లేనా" రెండూ మెల్లగా, తొందర లేకుండా సాగుతాయి.

పట్టికలో బలం, ఇబ్బంది రెండు గళ్ళలోనూ ఒకే మాట రాశాను, పొరపాటు కాదు. చుట్టూ ఉప్పునీళ్ళే ఉన్నప్పుడు నది పాట వినడం మంచిదో కాదో నాకు తెలియదు. ఊరికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఇది సరదా ఆల్బమ్. డాలస్‌లోనో, ఓడలోనో ఉన్నవాళ్ళకి అంత సరదాగా ఉండకపోవచ్చు.

ఎవరికి ఏది

పిల్లల్ని కూర్చోబెట్టుకుని కారులో తిరిగేవాళ్ళయితే మిస్సమ్మ, సాగర సంగమం చాలు. శంకరాభరణం పెడితే వెనక సీట్లో నిద్రపోతారు, అది కావాలంటే పెట్టుకోండి.

విదేశాల్లో పిల్లలకి తెలుగు నేర్పాలని తాపత్రయపడే అమ్మానాన్నలు నేరుగా సిరివెన్నెలకి వెళ్ళిపోతారు, పొరపాటు. ముందు మిస్సమ్మ. పింగళి మాటలు రోజూ ఇంట్లో మాట్లాడుకునేవే, పిల్లలకి తేలిగ్గా అందుతాయి. సిరివెన్నెల పదేళ్ళు దాటాక.

పెద్దవాళ్ళకి, ముఖ్యంగా చెవులు కొంచెం మందగించినవాళ్ళకి, వాద్యాల హోరు తక్కువగా ఉన్న పాత పాటలు తెలుస్తాయి, గొంతు స్పష్టంగా పైకి వినిపిస్తుంది. మా నాన్నకి గీతాంజలి పెడితే "ఏమిటా గోల" అన్నారు, మిస్సమ్మ పెడితే పక్కన కూర్చుని మాట మాట అందించారు.

రాత్రిళ్ళు పనిచేసేవాళ్ళు, నర్సులు, డ్రైవర్లు, కాల్ సెంటర్ పిల్లలు రుద్రవీణతో మొదలుపెట్టి గోదావరితో ముగించండి. గీతాంజలి తెల్లవారుజామున మూడింటికి మాత్రం వద్దు.

ఒక్కటంటే ఒక్కటే ఉంచుకోవాలంటే? నేను మిస్సమ్మ అంటాను. గీతాంజలి అంటాననుకున్నారు కదా, నేనూ అలాగే అనుకున్నాను. కానీ గీతాంజలి వినాలంటే నాకు సరైన రోజు కావాలి, మిస్సమ్మకి ఏ రోజైనా ఫరవాలేదు.

ఎక్కించేటప్పుడు

యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా అని ధీమాగా ఉండకండి. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి నెట్‌లోకి రాకపోతే దించుకున్న పాటలు పలకవు. నెట్ అందని చోటికి వెళ్ళేవాళ్ళు కొనుక్కున్న సీడీల నుంచి ఫైళ్ళుగానే పెట్టుకోవాలి. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి రెండున్నర ఎంబీ లోపే పడుతుంది, కాబట్టి జాగా గురించి ఆలోచించి నాణ్యత తగ్గించక్కర్లేదు.

మిస్సమ్మ లాంటివాటికి "స్టీరియో చేశాం" అని దొరికే రకాల జోలికి పోకండి. అసలు రికార్డింగు మోనో, దాన్ని బలవంతంగా రెండు చెవులకీ చీలిస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎక్కించే ముందు ఆ పాట పాడింది అసలు గాయకులేనా అన్నది కూడా ఒకసారి విని చూసుకోండి. అదే పేరుతో వేరేవాళ్ళు మళ్ళీ పాడినవి బోలెడు తిరుగుతున్నాయి. నేను ఒకసారి ఇలాగే మోసపోయి, పెళ్ళి భోజనాల దగ్గర ఎవరిదో గొంతులో "మౌనమేలనోయి" మోగించాను.

పాటల వరస కూడా మార్చకండి. షఫుల్ ఆపేసి ఇవ్వండి.

చివరికి ఏమైందంటే

మిస్సమ్మ, సాగర సంగమం, రుద్రవీణ, గీతాంజలి, గోదావరి. ఐదూ ఎక్కించి ఇచ్చాను. పొద్దున్న లేచేసరికి వాడు సాగర సంగమం తీసేసి దాని చోట్లో ఇంకేదో పెట్టుకున్నాడు. "ఐదోది నాది మావయ్యా" అన్నాడు. ఏమిట్రా అంటే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

కాకినాడ వెళ్ళాక మా అక్క ఆరోది పెట్టించింది, ఘంటసాల భగవద్గీత. మన ఊళ్ళలో ఆ గొంతు మైకులో వినపడితే ఎవరింట్లో ఎవరు పోయారా అని వీధిలోకి వచ్చి చూస్తాం, అంత మంచి రికార్డుకి ఆ గతి పట్టించాం. వాడూ అదే అన్నాడట, "అమ్మా, ఇది పెడితే క్యాబిన్‌లో ఎవరో పోయారనుకుంటారే" అని. "అక్కడ తెలుగువాళ్ళెవరున్నార్రా అనుకోడానికి, పెట్టుకో" అందట మా అక్క.